ఏడడుగులకు అంగుళం తక్కువ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు నేను వెనకాడాను. గురువుల గురించీ, బడి ఆవరణలోని వేపచెట్టు గురించీ నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. "మీరు ఇంజనీరు కదా, మీకు తెలిసిందే రాయండి" అన్నారాయన. నాకు తెలిసింది ఒక కారు కథ. 1981లో అది మన బడి వెనక సందులో రెండు రోజులు ఆగింది. అదే కారో తేల్చుకోవడానికి నాకు నలభై నాలుగేళ్లు పట్టింది. తీరా తేలాక తెలిసిందేమిటంటే, దాని జవాబు నాకు మొదటి రోజే చెప్పారు. నేనే చెవిన పెట్టలేదు.

ఆ రోజుల బెజవాడ ఎలా ఉండేదో మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కనకదుర్గ వారధి ఇంకా లేదు. మద్రాసు నుంచి కలకత్తా వైపు వెళ్లే బండ్లు ప్రకాశం బ్యారేజీ దాటి, కొండ పక్కగా ఊళ్లోకి రావలసిందే. రోడ్డు మీద కనబడే కార్లు మూడే రకాలు. ఒకటి అంబాసిడర్. రెండోది పేరు ప్రీమియర్ పద్మినిగా మారినా అందరూ ఫియట్ అనే పిలిచేది. మూడోది స్టాండర్డ్ హెరాల్డ్. మా వీధిలో ఒక డాక్టరు గారికి హెరాల్డ్ ఉండేది. ఆ మూడూ కాక నాలుగో రకం కారు ఏదైనా వస్తే పిల్లలం దాని వెనక పరిగెత్తేవాళ్లం.

బడి వెనక సందు చివర ఒక రేకుల షెడ్డు ఉండేది. అది నా పక్క బెంచీ మిత్రుడి నాన్నగారిది. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. అప్పుడు మేమిద్దరం 7వ తరగతి. ఒకరోజు సాయంత్రం బడి వదిలాక షెడ్డుకి వెళితే అక్కడ ఆ కారు ఉంది. మద్రాసు నంబరు. రెండే సీట్లు. పైన కప్పు లేదు, మడిచిన గుడ్డ ఉంది. మా ఇద్దరి నడుముకి కాస్త పైదాకా వస్తుంది, అంతే ఎత్తు.

ఆ రెండు రోజుల్లో నేను చూసినవి నాలుగు నా మనసులో అలాగే నిలిచిపోయాయి.

మొదటిది దాని బానెట్. బాబాయ్ ఒక పక్క వంగి ముందు చక్రం వెనక ఉన్న కొక్కెం విప్పాడు. అటు తిరిగి రెండోదీ విప్పాడు. తర్వాత పైకెత్తితే ఒక్క మూత కాదు, దీపాలూ మడ్‌గార్డులూ సహా కారు ముందు భాగమంతా ఒక్క ముక్కగా లేచి ముందుకి వాలింది. ఇంజనూ, రెండు చక్రాలూ బట్టబయలయ్యాయి. బాబాయ్ ముందు టైరు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చుని ఇంజన్లో చెయ్యి పెట్టాడు.

రెండోది మీటర్లు. అవి డ్రైవరు ముందు లేవు. డ్యాష్‌బోర్డు మధ్యలో ఉన్నాయి.

మూడోది వెనక చక్రాలు. జాకీ పెట్టి వెనక భాగం ఎత్తగానే ఆ రెండు చక్రాల అడుగులూ లోపలికి ముడుచుకున్నాయి, అప్పుడే పుట్టిన దూడ కాళ్లలాగా. విరిగిపోయాయేమోనని మేం భయపడ్డాం. బాబాయ్ నవ్వాడు.

నాలుగోది, వెళ్లేటప్పుడు అది తిరిగిన తీరు. ఆ సందులో అంబాసిడర్ తిప్పాలంటే ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడాలి. ఇది ఒక్క తిప్పులో తిరిగి వెళ్లిపోయింది.

చెడిపోయింది వెనక యాక్సిల్‌లోని క్రాస్ జాయింటు. బాబాయ్ ఆటోనగర్‌కి మనిషిని పంపి హెరాల్డ్‌ది తెప్పించి వేశాడు. సరిగ్గా కూర్చుంది. "ఏం కారు బాబాయ్ ఇది?" అని నేనడిగితే చేతులు తుడుచుకుంటూ, "ఏముందిరా, హెరాల్డ్‌కి తమ్ముడు. కార్బురేటర్లు రెండు పెట్టుకున్నాడు, అంతే" అన్నాడు. నాకు చప్పబడిపోయింది. డాక్టరు గారి హెరాల్డ్ ఎక్కడ, ఈ కారెక్కడ? ఆ మాట అక్కడే వదిలేశాను.

సరిగ్గా ఆ వారం లెక్కల మాస్టారు కొలతల పాఠం చెబుతున్నారు. "మీకు పొడవు తెలియని వస్తువు ఏదైనా ఒకటి కొలిచి, బొమ్మ గీసి తీసుకురండి" అన్నారు. నాకు కారు గుర్తొచ్చింది. అంత పొడవున్న టేపు మా దగ్గర లేదు. పురికొస దొరికింది. ముందు చక్రం నడిబొడ్డు దగ్గర నేను, వెనక చక్రం దగ్గర నా మిత్రుడు పట్టుకుని, బిగదీసి ముడి వేశాం. ఆ పురికొసని బడి వరండాలో పరిచి అడుగు స్కేలుతో కొలిచాను. ఆరు స్కేళ్లూ పదకొండు అంగుళాలూ వచ్చింది. నోటు పుస్తకంలో కారు బొమ్మ వేసి, కింద "ఏడడుగులకు అంగుళం తక్కువ" అని రాశాను.

తరగతిలో ఆ బొమ్మ చూసి అందరూ నవ్వారు. చక్రాలు వంకర, ముందు భాగం మొసలి నోరు, ఇలాంటి కారు ఉంటుందా అని. కోతలరాయుడన్నారు. మాస్టారు పుస్తకం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "కొలిచినవాడు చెబుతున్నాడు, కొలవనివాళ్లు నవ్వుతున్నారు. నేనెవరి మాట వినాలి?" అన్నారు. తరగతి నిశ్శబ్దమైపోయింది. నా వీపు తట్టి కూర్చోమన్నారు. నేను ఇంజనీరు కావడానికి ఆ క్షణం కూడా ఒక కారణమని ఇప్పటికీ అనుకుంటాను. పురికొస రెండో కొస పట్టుకున్నవాడు పక్క బెంచీలోనే ఉన్నాడు. వాడి పేరు నేను చెప్పలేదు.

7వ తరగతి పబ్లిక్ పరీక్షలు అయ్యాక వాడు మళ్లీ బడికి రాలేదు. బాబాయ్‌కి ఆరోగ్యం బాగాలేక షెడ్డులో కూర్చున్నాడు. నేను 10వ తరగతి, ఇంటర్, ఇంజనీరింగు దాటుకుంటూ పంపులూ టర్బైన్ల ఉద్యోగంలోకి వెళ్లాను.

ఆ కారు మాత్రం నన్ను వదల్లేదు. స్నేహితుల మధ్య ఎప్పుడు కార్ల మాట వచ్చినా, "చిన్నప్పుడు మా ఊరికి ఎర్రటి ఇటలీ కారొకటి వచ్చింది" అని మొదలుపెట్టేవాణ్ణి. ఇటలీ అని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అంత అందమైన కారు అక్కడిదే అయి ఉంటుందని నేనే అనుకున్నాను. పాత కార్ల పుస్తకాలు ఎక్కడ కనబడినా ఇటలీ పేజీలే తిరగేసేవాణ్ణి. ఏదీ సరిపోయేది కాదు.

పోయిన ఏడాది మా అమ్మ కాలం చేశాక ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీద ట్రంకు పెట్టెలో ఆ లెక్కల నోటు పుస్తకం దొరికింది. బొమ్మ ఉంది. దాని కింద అంకె ఉంది. ఇన్నేళ్లూ నేను కారుని నా జ్ఞాపకంలో వెతికాను. కొలత మాత్రం ట్రంకు పెట్టెలో పడి ఉంది.

ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉండే దూరాన్ని వీల్‌బేస్ అంటారు. మనిషికి వేలిముద్ర ఎలాగో, కారుకి ఇది దాదాపు అలాంటిది. రంగు మార్చవచ్చు, దీపాలు మార్చవచ్చు, వీల్‌బేస్ మార్చడం తేలిక కాదు. నా కొలత 83 అంగుళాలు. పురికొస సాగి ఉంటుంది కాబట్టి ఒక అంగుళం అటూ ఇటూ అనుకుందాం. ఆ కాలంలో కప్పు లేని చిన్న కార్లలో ఎక్కువ పేరున్నవి ఇంగ్లండువి. ఒక్కొక్కటే తీసుకుని చూశాను.

ఎంజీబీ వీల్‌బేస్ 91 అంగుళాలు. పైగా దాని బానెట్ మన అంబాసిడర్‌కి లేచినట్టే లేస్తుంది. ఎంజీ మిడ్జెట్ 80 అంగుళాలు. ఆస్టిన్ హీలీ స్ప్రైట్ మొదటి రకానికి ముందు భాగమంతా ఒక్క ముక్కగానే లేస్తుంది. కాని దాని కీళ్లు అద్దం వైపు ఉంటాయి, ముందుకి వాలదు. పైగా దాని కళ్లు బానెట్ నెత్తిన కప్ప కళ్లలా ఉంటాయి. వీల్‌బేస్ కూడా 80 అంగుళాలే. జాగ్వార్ ఈ టైప్ బానెట్ మాత్రం ముందుకే వాలుతుంది. అయితే దాని వీల్‌బేస్ ఎనిమిది అడుగులు.

83 అంగుళాలకు సరిపోయింది ఒక్కటే. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. దాని వీల్‌బేస్ సరిగ్గా 83 అంగుళాలు. ముందుకి వాలే ఒంటి ముక్క బానెట్, పక్కల కొక్కేలు, రెండు కార్బురేటర్లు, సుమారు 24 అడుగుల వలయంలో తిరగగలగడం, అన్నీ కలిశాయి. ఆ కారు చరిత్ర చదవడం మొదలుపెట్టాక, పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. బాబాయ్ మాట అక్షరాలా నిజం. స్పిట్‌ఫైర్ హెరాల్డ్‌కి తమ్ముడే.

ఆ వంశ చరిత్ర ఇదీ. ఇంగ్లండులో కొవెంట్రీ నగరంలో స్టాండర్డ్ ట్రయంఫ్ అనే కంపెనీ ఉండేది. 1950లలో ప్రపంచమంతా ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోసే కార్ల వైపు మళ్లుతోంది. అలాంటి బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో అనే సంస్థను 1953లో పోటీ కంపెనీ బీఎంసీ కొనేసింది. స్టాండర్డ్ ట్రయంఫ్‌కి కొత్త కారు బాడీ మొత్తంగా తయారుచేసి ఇచ్చేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు వాళ్ల ఇంజనీర్ల పెద్ద హ్యారీ వెబ్‌స్టర్ పాత దారే పట్టాడు. కింద విడిగా ఛాసిస్, దాని మీద ముక్కలుగా చేసి బోల్టులతో బిగించే బాడీ. దానికి రూపం గీసింది ఇటలీలోని టూరిన్‌కి చెందిన జొవానీ మికెలోత్తి. అదే 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. ముందు భాగమంతా ఒక్క ముక్కగా లేవడం, చిన్న వలయంలో తిరగడం దాని ప్రత్యేకతలు. దూడ కాళ్ల రహస్యమూ అక్కడే ఉంది. డిఫరెన్షియల్‌ని ఛాసిస్‌కే బిగించి, దాని నుంచి రెండు పక్కలా సగం సగం ఇరుసులు ఇచ్చారు. ఒక్కో ఇరుసుకి డిఫరెన్షియల్ దగ్గర ఒక్కటే కీలు. పైన అడ్డంగా ఒక పట్టీ స్ప్రింగు. చక్రం ఆ కీలు చుట్టూ ఊగుతుంది కాబట్టి దీన్ని స్వింగ్ యాక్సిల్ అన్నారు. బరువు నేల మీద ఉంటే చక్రాలు నిటారుగా ఉంటాయి. గాల్లోకి ఎత్తితే కిందికి వేలాడి లోపలికి ముడుచుకుంటాయి. నా బొమ్మలో తప్పేం లేదు.

బోల్టులతో బిగించే ఈ పద్ధతి వల్ల ఇంకో మేలు జరిగింది. ముక్కలుగా ఓడలో పంపి దూరదేశంలో కూర్చడం సులువైంది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో ఆ కారుని 948 సీసీ ఇంజనుతో మొదలుపెట్టింది. మన డాక్టరు గారి కారు అదే. స్వింగ్ యాక్సిల్ మన రోడ్లకీ మన మెకానిక్కులకీ అంతగా నచ్చలేదని అంటారు. 1970ల మొదట్లో హెరాల్డ్ స్థానంలో వచ్చిన గజెల్‌లో దాన్ని తీసేసి మామూలు యాక్సిల్ పెట్టారు.

మద్రాసులో హెరాల్డ్ మొదలైన ఆ 1961లోనే కొవెంట్రీలో ఇంకో సంగతి జరిగింది. అప్పుల్లో కూరుకుపోయిన స్టాండర్డ్ ట్రయంఫ్‌ని లారీల కంపెనీ లేలాండ్ కొన్నది. లేలాండ్ తరఫున స్టాన్లీ మార్క్‌లాండ్ అనే పెద్ద అధికారి ఫ్యాక్టరీ చూస్తుంటే, ఒక మూల దుప్పటి కప్పిన చిన్న కారొకటి కనబడింది. హెరాల్డ్ ఛాసిస్‌ని కురచ చేసి, దాని మీద మికెలోత్తి గీసిన రెండు సీట్ల నమూనా అది. డబ్బు లేక మూలన పడేశారు. మార్క్‌లాండ్ దాన్ని తయారు చెయ్యమన్నాడు. 1962 లండన్ మోటార్ షోలో అది స్పిట్‌ఫైర్ పేరుతో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన విమానం పేరది. హెరాల్డ్ ఇంజనునే 1147 సీసీకి పెంచి, కార్బురేటర్లు రెండు పెట్టి, 63 హార్స్ పవర్ రాబట్టారు. గేరుబాక్సు, ముందు సస్పెన్షన్, స్టీరింగు, వెనక ఇరుసులూ అన్నగారివే. 1980లో ఆపేసేలోగా మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. రూపం గీసినవాడు ఇటలీవాడు కాబట్టి నా ఇటలీ మాట పూర్తిగా అబద్ధం కాలేదని ఒక ఓదార్పు.

ఒక్క అనుమానం మిగిలింది. ఎవరైనా మద్రాసులో మామూలు హెరాల్డ్‌ కప్పు కోసేసి, రెండు సీట్ల బాడీ కట్టించి ఉండొచ్చు కదా? కాని హెరాల్డ్ వీల్‌బేస్ 91న్నర అంగుళాలు. నా పురికొసకీ దానికీ ఎనిమిదిన్నర అంగుళాల తేడా. పురికొస ఎంత సాగినా అంత తేడా రాదు. అది స్పిట్‌ఫైరే. మీటర్లు మధ్యలో ఉన్నాయి కాబట్టి 1970కి ముందుది. ఆ ఏడాది వచ్చిన నాలుగో రకం నుంచి మీటర్లు డ్రైవరు ముందుకి వెళ్లాయి.

అక్కడి నుంచి నా పుస్తకాలు ముందుకి సాగలేదు. రెండో కొస పట్టుకున్నవాడి దగ్గరికి వెళ్లక తప్పలేదు.

నా మిత్రుడి షెడ్డు ఇప్పుడు ఆటోనగర్‌లో ఉంది. కంప్యూటర్ తగిలించి కార్ల జబ్బు చెబుతున్నాడు. దగ్గర నలుగురు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. బాబాయ్ పోయి చాలా ఏళ్లయింది, ఫొటోకి దండ వేసి ఉంది. నోటు పుస్తకం తెరిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఎరుపు వేశావేంట్రా? ఆ కారు ముదురు ఆకుపచ్చ కదా" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. నలభై నాలుగేళ్లుగా నా కళ్ల ముందున్నది ఎర్ర కారే. వాడు బొమ్మ మీద వేలు పెట్టి, "అది మీ నాన్నగారి ఎరుపూ నీలం పెన్సిల్ కదరా. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. నీ దగ్గర ఆకుపచ్చ ఎక్కడిది?" అన్నాడు. నిజమే. నేను గుర్తుపెట్టుకున్నది కారుని కాదు, నా బొమ్మని. కారు మీద లేని రంగు పెన్సిల్ నుంచి వచ్చి నా జ్ఞాపకానికి అంటుకుంది. కొలిచింది నిలబడింది, ఊహించింది కొట్టుకుపోయింది. మాస్టారు చెప్పిందీ అదే.

"లోపల కింద ఏం పరిచి ఉందో గుర్తుందా?" అనడిగాను. "రబ్బరు మ్యాట్లు. జాయింటు చూడటానికి నాన్న తీయమంటే నేనే తీసి ఎండలో వేశా" అన్నాడు. నాకు కావలసింది అదే. 1964 చివర్లో వచ్చిన రెండో రకంలో రబ్బరు మ్యాట్ల బదులు కార్పెట్లు వేశారు. అంటే మన సందుకి వచ్చింది మొదటి రకం, 1962కీ 1964కీ మధ్య తయారైన స్పిట్‌ఫైర్.

పేరు చెప్పాను. చరిత్రంతా చెప్పాను. కొవెంట్రీ, దుప్పటి, మికెలోత్తి, అన్నీ. ఓపిగ్గా విన్నాడు. విని, "అంటే హెరాల్డ్‌కి తమ్ముడేగా. మా నాన్న ఆరోజే చెప్పాడుగా" అన్నాడు.

ఆరో తరగతితో చదువాపేసిన మనిషి. ఇంగ్లీషు పుస్తకం ముట్టలేదు. టైరు మీద కూర్చుని, ఇంజన్లో చెయ్యి పెట్టి, హెరాల్డ్ జాయింటు అందులో కూర్చోవడం చూసి, వంశం చెప్పేశాడు. నేను ఆ మాట వినకపోవడానికి కారణం ఒక్కటే, అది నూనె మరకల చేతుల నుంచి రావడం. దీనికి ఇంకో సాకు వెతకను.

ఇంక ఈ సంచికలో దీన్ని ఎందుకు రాస్తున్నానో చెప్పి ముగిస్తాను. స్వర్ణోత్సవ ఆహ్వానం అందిందా అని వాణ్ణి అడిగాను. నవ్వి, "నేను టెన్త్ పాసవలేదు కదరా, జాబితాలో ఎందుకుంటాను?" అన్నాడు. మన సంఘం పుస్తకంలో 10వ తరగతి బ్యాచీల వారీగానే పేర్లున్నాయి. మధ్యలో ఆగిపోయినవాళ్లు ఏ బ్యాచీలోనూ లేరు. వాళ్లూ ఇదే వరండాలో కూర్చున్నారు, ఇదే మాస్టారి పాఠం విన్నారు, మన పురికొసలకు రెండో కొస పట్టుకున్నారు. ఆ జాబితాలు హాజరు పట్టీల నుంచి మళ్లీ రాయించమని కార్యదర్శి గారిని కోరాను, సరేనన్నారు. ఆ పని నేనూ పంచుకుంటాను. మీ పక్క బెంచీలో కూర్చుని మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు గుర్తుంటే నాకు పంపండి.

నోటు పుస్తకంలో ఆ బొమ్మ కింద, నలభై నాలుగేళ్ల తర్వాత, వాడి షెడ్డులోనే కూర్చుని ఇంకో గీత రాశాను. కొలిచింది ఇద్దరు అని. వాడు చదివి, రంగు కూడా మార్చమన్నాడు.